కొసరు లేని పంతొమ్మిది పొరలు

నేను అద్దాలకి రంగు వేసే ఉద్యోగం చేస్తున్నానని మా అత్తగారు నిడదవోలులో అందరికీ చెప్పేవారు. కారు అద్దాలకి నల్ల కాగితం అంటించే పనికీ నా పనికీ ఆవిడ దృష్టిలో పెద్ద తేడా లేదు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. పోనుపోను తెలిసిందేంటంటే, నేను చేసే పనిని అంతకంటే బాగా ఒక్క ముక్కలో చెప్పడం నాకూ చేతకాదు. అందుకని ఊరుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, పేరు పక్కన సీనియర్ అన్న మాట ఎప్పుడు చేరింది లాంటివి రాయను. అవి గుర్తు చేసుకోవాలంటే నాకే ఆవలింతలొస్తాయి. రాజమండ్రిలో ఒక చిన్న ఆప్టిక్స్ ల్యాబ్‌లో కోటింగ్ ఆపరేటర్‌గా చేరాను, ముప్పై ఏళ్లకి పైగా పనిచేసి అక్కడే రిటైరయ్యాను. రోజూ పొద్దున్నే నిడదవోలులో రైలెక్కి గోదావరి దాటేదాన్ని, సాయంత్రం మళ్లీ దాటేదాన్ని. అంతే నా చరిత్ర.

ముందే చెప్పేస్తున్నాను, నాకు వెలుతురంటే పిచ్చి. వానాకాలం రోడ్డు మీద నీళ్లలో కాస్త ఆయిల్ తేలి రంగులు కనపడితే, ఇప్పటికీ చీర కుచ్చిళ్లు పట్టుకుని వంగి చూస్తాను. ఇది చదువుతూ మధ్యలో ఈవిడకేమైనా అయిందా అనిపిస్తే కంగారు పడకండి. నేను బాగానే ఉన్నాను.

పని అంటే ఏంటంటే

పెళ్లిళ్లలో పులిహోర కలిపే గుండిగంత స్టీలు పాత్రని ఊహించుకోండి. దాన్ని బోర్లించి, లోపల గాలంతా పంపులతో లాగేస్తాం. అదే ఛాంబర్. లోపల పైన శుభ్రంగా తుడిచిన గాజు పలక వేలాడుతుంది. కింద చిన్న గిన్నెలో మందు ఉంటుంది. మందు అంటే మా భాషలో టైటానియం ఆక్సైడ్, లేదంటే సిలికా. దాన్ని బాగా వేడిచేస్తే ఆవిరై పైకి లేచి గాజుకి పట్టుకుంటుంది. మధ్యలో ఒక మూత ఉంటుంది, షట్టర్ అంటాం. షట్టర్ తెరిస్తే పొర పడుతుంది, మూస్తే ఆగుతుంది. ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నదే ఉద్యోగమంతా.

ఒక్కో పొర ఎంత పలచనంటే, తల వెంట్రుక మందాన్ని దాదాపు వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగం. అలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తూ పోతాం. వెలుతురు వచ్చి ప్రతి పొర అంచు దగ్గరా కొంచెం వెనక్కి తిరుగుతుంది, మిగతాది ముందుకి పోతుంది. వెనక్కి తిరిగిన ముక్కలన్నీ అడుగులో అడుగు వేసుకుంటూ కలిశాయా, ఆ గాజు అద్దమై కూర్చుంటుంది. ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయా, వెలుతురంతా హాయిగా అవతలికి పోతుంది. రోడ్డు మీద ఆయిల్ రంగులు కూడా ఈ సంగతే. పొర మందం కాస్త మారితే రంగు మారిపోతుంది.

రంగు ఎక్కడా వేయకుండా మందం మార్చి రంగు పుట్టించడం! చేరిన మొదటి వారంలో ఇది అర్థమై, నేను క్యాంటీన్‌లో అటెండర్ దగ్గర్నుంచి అకౌంట్స్ మేడమ్ దాకా అందరినీ పట్టుకుని వివరించాను. అకౌంట్స్ మేడమ్ ఇడ్లీ తినడం ఆపలేదు.

నా బొటనవేలు

నా మొదటి బాసు సూర్యనారాయణరాజు గారు. భీమవరం వైపు మనిషి, మాట మెత్తన, చూపు కత్తి. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం గాజు మీద ఊదడం. కడిగిన గాజుని నోటి దగ్గర పెట్టుకుని హా అని ఊదితే ఆవిరి పడుతుంది. ఆ ఆవిరి అంతటా ఒకేలా పట్టి ఒకేలా పోవాలి. ఎక్కడైనా మరక కట్టిందంటే మళ్లీ కడగాలి.

నేను చేరిన కొత్తలో ఒక పలకని ఊది చూసి, బాగుందనుకుని, ఛాంబర్లో పెట్టబోతూ జడ సర్దుకున్నాను. జడకి కొబ్బరి నూనె. ఆ బొటనవేలితోనే పలక అంచు పట్టుకున్నాను. రోజంతా కోటింగ్ చేసి తీస్తే, అద్దం మూలలో నా వేలిముద్ర, ఒక్క గీత కూడా పోకుండా, ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో మెరిసిపోతోంది. ఏడుపొచ్చింది. అంత అందంగా ఉందని నవ్వూ వచ్చింది.

రాజుగారు తిట్టలేదు. ఆ పలకని తన బల్ల మీద పెట్టుకుని, కొత్తగా ఎవరు చేరినా చూపించేవారు. "ఇది పద్మావతి గారి బొటనవేలండీ, మన ల్యాబ్‌లో అన్నిటికంటే మంచి కోటింగు" అనేవారు. ఆయన రిటైరయ్యేదాకా నేను ఆ బల్ల వైపు చూడకుండా నడిచేదాన్ని. కానీ ఒకటి చెబుతాను, తప్పుని దాచకుండా బల్ల మీద పెట్టే బాసు దొరకడం అదృష్టం. నాకు అలాంటివారు ఒక్కరే దొరికారు.

తరవాత్తరవాత నా చెయ్యి తిరిగింది. నేను చేసిన అద్దాలు ఒక్కటీ వెనక్కి రాలేదు. కోటింగ్ మేడమ్ చెయ్యి పడితే తిరుగులేదని పేరొచ్చింది. ఆ పేరే నన్ను ముంచింది. ఇప్పుడు అసలు కథ.

గులగుగుల

నా సర్వీసు చివరి సంవత్సరంలో సత్యవేణి అనే రీసెర్చ్ అమ్మాయి మా ల్యాబ్‌కి వచ్చింది. సముద్రం ఒడ్డున పల్లిపాలెం వాళ్లది. నాన్న వేటకి వెళతాడు, అమ్మ రొయ్యలు, చేపలు గంపలో పెట్టుకుని ఊళ్లమ్మట అమ్ముతుంది. వాళ్ల వీధిలో కాలేజీ దాటి చదివిన మొదటి మనిషి ఈ పిల్లే. సన్నగా ఉంటుంది, గట్టిగా మాట్లాడుతుంది.

మొదటి రోజే నా యంత్రం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మేడమ్, మీరు పొరలు ఎప్పుడూ ఒకటి విడిచి ఒకటి వేస్తారా అండి?" అని అడిగింది.

"మరి ఎలా వేస్తారమ్మా? ఒకటి టైటానియం, ఒకటి సిలికా. మళ్లీ టైటానియం, మళ్లీ సిలికా. అద్దం అలాగే వస్తుంది."

"ఛందస్సులో గురువు, లఘువు ఉంటాయి కదండి. టైటానియంలో వెలుతురు మెల్లిగా నడుస్తుంది, దాన్ని గురువందాం. సిలికాలో చురుగ్గా నడుస్తుంది, అది లఘువు. ఇప్పుడు చూడండి" అని, నేను ఏ రోజు పని ఆ రోజు రాసుకునే లాగ్ పుస్తకం వెనక పేజీ మీద రాయడం మొదలుపెట్టింది.

మొదటి వరస గు. రెండో వరస గుల. ఆ తరవాత ప్రతి వరసకీ ఒకటే నియమం, ముందు వరస రాసి దాని వెనక అంతకు ముందు వరస తగిలించడం. అంటే మూడోది గులగు. నాలుగోది గులగుగుల. అయిదోది గులగుగులగులగు. పొరల లెక్క ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది, పదమూడు, ఇరవై ఒకటి అని పెరుగుతుంది.

నేను పైకి చదివాను. గులగుగులగులగు! నోట్లో చక్కిలిగింతలు పెట్టినట్టుంది. నవ్వాపుకోలేక స్టూలు మీద కూర్చుండిపోయాను. వేణి కూడా నవ్వింది. ఆ తరవాత మా ఇద్దరికీ అదే పలకరింపు అయిపోయింది.

ఈ వరసలో తమాషా ఏంటంటే, నియమం ఉంది, కానీ ఏ ముక్కా గోడ ఇటుకల్లా అదే పనిగా తిరిగి రాదు. వస్తున్నట్టే ఉంటుంది, దగ్గరికొచ్చేసరికి పక్కకి తప్పుకుంటుంది. ఒకటి విడిచి ఒకటి వేసిన పొరల్లోకి వెలుతురు వస్తే ఒక పెద్ద పట్టీ రంగులు మొత్తం వెనక్కి తిరుగుతాయి. ఇష్టం వచ్చినట్టు వేసిన పొరల్లోకి వస్తే లోపల దారి తప్పుతుంది. ఈ గులగుగుల పొరల్లో మాత్రం, ఆగిపోయే రంగుల మధ్యలో కొన్ని సన్నటి రంగులకి దారి దొరుకుతుంది. సన్నటి అంటే, ఇంద్రధనస్సులో ఆకుపచ్చ అని మనం పిలిచే పట్టీలో ఒక్క పోగు.

వేణి కంప్యూటర్లో ఆ దారుల గ్రాఫు చూపించింది. దారి దొరికిన ప్రతి రంగు దగ్గరా గీత శిఖరంలా లేచింది, కొన్ని శిఖరాలు గుంపుగా ఉన్నాయి. ఒక శిఖరాన్ని దగ్గరికి లాగి పెద్దది చేసింది. పొరలు పెంచింది. ఆ ఒక్క శిఖరం లోపల మళ్లీ అలాంటి గుంపే! అందులో ఒకదాన్ని మళ్లీ లాగింది. మళ్లీ గుంపే! "ఇంకోసారి, ఇంకోసారమ్మా" అని ఆ పిల్ల భుజం పట్టుకుని ఊపేశాను. ముప్పై ఏళ్లు వెలుతురుతో కాపురం చేశాననుకున్నాను, అది ఇన్ని గదులున్న ఇల్లని నాకెవరూ చెప్పలేదు.

వేణి చెయ్యాల్సింది ఇది. ఇరవై ఒక్క పొరల గులగుగుల పలక తయారుచేయాలి. మా ల్యాబ్‌లోని ఆకుపచ్చ లేజర్ వెలుతురు దానిలోంచి పూర్తిగా అవతలికి పోవాలి, దాని పక్క రంగులు ఆగిపోవాలి. బయట నుంచి రివ్యూ కమిటీ వస్తుంది. డైరెక్టరు జగన్నాథరావు గారు ముందే తేల్చి చెప్పేశారు, రివ్యూ నాటికి వెలుతురు కనపడకపోతే ప్రాజెక్టు ఆపేస్తారు, ఆ అమ్మాయి సీటూ పోతుంది. చదువు మధ్యలో ఆగిపోతుంది.

గోడ మీద ఏమీ లేదు

మా పద్ధతి ఇది. పొర మందం ఎంతైందో మానిటర్ అనే పెట్టె అంకెల్లో చూపిస్తుంది. మా పాత యంత్రంలో షట్టర్ చేత్తోనే మూయాలి. వేణి అంకెలు చదువుతూ, కావలసినంత రాగానే "అయింది!" అని అరిచి లాగ్‌లో రాసేది. నేను షట్టర్ మూసేదాన్ని.

ఇరవై ఒక్క పొరలూ పడ్డాయి. పలక తీసి లేజర్ ముందు పెట్టాం. గోడ మీద ఏమీ లేదు. అంతదాకా అక్కడ పడుతున్న లేజర్ ఆకుపచ్చ చుక్క పోయింది.

గ్రాఫు తీసి చూస్తే శిఖరాలన్నీ ఉన్నాయి, కానీ అన్నీ కలిసికట్టుగా ఎరుపు వైపు జరిగి కూర్చున్నాయి. లేజర్ రంగు వచ్చిన చోట గుమ్మం లేదు, గోడ ఉంది. ఇంకో పలక చేశాం. మళ్లీ అంతే జరిగింది, అదే దూరం.

జగన్నాథరావు గారు రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూశారు. "రెండుసార్లూ ఒకేలా జరిగిందంటే కోటింగ్‌లో తేడా లేదండీ. పద్మావతి గారి చెయ్యి తప్పదు. లెక్కే తప్పు" అని వేణి రిపోర్టు మీద ఎర్ర ఇంకుతో లెక్క తప్పు అని రాసి సంతకం పెట్టారు.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ మాటకి నేను లోపల్లోపల పొంగిపోయాను. పక్కన ఆ పిల్ల మొహం వాడిపోవడం చూశాను, జాలిపడ్డాను. కానీ నా చెయ్యేమోనన్న అనుమానం మాత్రం నాకు ఒక్క క్షణం కూడా రాలేదు.

వేణి రెండు నెలలు లెక్కలు తిరగేసింది. కాగితాలు, కంప్యూటరు, మళ్లీ కాగితాలు. ఒకరోజు భోజనం డబ్బా తెరవకుండా కూర్చుంటే, "ఏంటమ్మా, ఏం తప్పు దొరికింది?" అన్నాను.

"దొరకట్లేదండి మేడమ్. దొరికితే సంతోషించేదాన్ని" అంది. గులగుగుల అన్నాను నవ్విద్దామని. నవ్వలేదు.

వంకాయ

ఒక సాయంత్రం నిడదవోలు స్టేషన్ దిగి, దారిలో కూరలు కొంటున్నాను. నేనెప్పుడూ కొనే దుర్గమ్మ కొత్తగా ఎలక్ట్రానిక్ కాటా కొంది. వంకాయలు ఒక్కొక్కటే వేస్తూ, సరిగ్గా అరకిలో అంకె రాగానే ఆగింది. నేను సంచీ పట్టాను. దుర్గమ్మ బుట్టలోంచి ఇంకో వంకాయ తీసి కాటా మీదికి విసిరింది. అంకె గబుక్కున ఎగిరింది.

"అరకిలో అయింది కదా దుర్గమ్మా?"

"కొసరండీ! కొసరెయ్యకుండా ఎలా ఇచ్చేదండీ?"

నేను ఆ అంకె వైపే చూస్తూ నిలబడిపోయాను. చేతిలో సంచీ అలాగే ఉంది. నా కుడిచెయ్యి నాకు కనపడింది, షట్టర్ పిడి మీద.

మాది వ్యవసాయం. మా నాన్నగారు ధాన్యం కొలిస్తే కుంచం నిండాక ఇంకో గుప్పెడు వేసేవారు. నిండగానే టక్కున ఆపేసేవాణ్ణి పిసినారి అంటారు మా వైపు. నా చేతికి ఆ గుప్పెడు పుట్టుకతోనే వచ్చింది. వేణి "అయింది" అంటుంది. నేను ఒక్క ఊపిరి ఆగి మూస్తాను. ప్రతి పొరకీ ఆ ఒక్క ఊపిరి. చేరిన దగ్గర్నుంచీ అంతే, ఏనాడూ ఆలోచించి చేసింది కాదు. మామూలు అద్దం ఎన్నో రంగుల్ని ఒక్కసారే తిప్పి పంపుతుంది, దాని పట్టీ కాస్త పక్కకి జరిగినా ఎవరికీ తెలియదు. సన్నటి గుమ్మం జరిగితే మాత్రం తెలిసిపోతుంది.

దుర్గమ్మకి డబ్బులిచ్చి వంకాయలు అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే వేణిని మానిటర్ ముందు కూర్చోబెట్టాను. "అయింది అన్నాక కూడా అంకె చూస్తూనే ఉండు. నేను షట్టర్ పూర్తిగా మూసేదాకా చూసి, ఆగిన అంకె రాయి" అన్నాను. అయిదు పొరలు వేశాం. అయిదింటిలోనూ అంకె కావలసినదాన్ని దాటి పోయి ఆగింది. వేణి కలం కింద పెట్టింది.

"లెక్క నీదే ఒప్పమ్మా. నా చెయ్యి ప్రతిసారీ కొసరు వేస్తోంది" అన్నాను.

ఆ పిల్ల తను రాసిన అయిదు అంకెలూ ఇంకోసారి చూసుకుంది. తరవాత అంది, "రెండు నెలలండి మేడమ్. రెండు నెలలుగా నాకు బుర్ర లేదనే అనుకుంటున్నాను." నేను తల దించుకున్నాను. తిట్టమ్మా, తిట్టు అన్నాను. తిట్టలేదు. మెల్లిగా మొహం మారింది, భుజాలు కదిలాయి. చూస్తే నవ్వుతోంది. "మా అమ్మ కూడా రొయ్యలు కొలిచాక గుప్పెడు వేస్తుందండి. తను రొయ్యల మీద వేస్తుంది, మీరు వెలుతురు మీద వేశారు!" కళ్లు తుడుచుకుంటూ నవ్వింది, నవ్వుతూ మళ్లీ తుడుచుకుంది. ఇద్దరం ఆ యంత్రానికి ఆనుకుని పిచ్చివాళ్లలా నవ్వాం. నా జీవితంలో అంత భారం దిగిన పొద్దు ఇంకోటి లేదు.

డైరెక్టరు గది

జగన్నాథరావు గారికి చెప్పడానికి నేనొక్కదాన్నే వెళ్లాను. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"పద్మావతి గారూ, మీరు ఇంకో నెలలో రిటైరవుతున్నారు. ఈ మాట బయటికొస్తే ఇన్నేళ్ల పేరు పోతుంది. యంత్రంలో లోపమని రాసేద్దాం. ఎవరికీ నష్టం లేదు."

"యంత్రం ఏం చేసిందండీ పాపం?"

"మీ మంచికే చెబుతున్నానండీ. పేరు తెచ్చుకోవడమంటే మాటలు కాదు."

"నా పేరు తిన్నంత తిన్నానండీ. ఆ అమ్మాయిది ఇంకా వండనే లేదు."

ఆయన దగ్గరే కూర్చుని లాగ్ పుస్తకంలో నా చేతి రాతతో రాశాను. రెండు పలకల్లోనూ ఆపరేటర్ ప్రతి పొరా ఎక్కువ వేసింది, లెక్కలో తప్పు లేదు అని. కింద సంతకం పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, వేణి రిపోర్టు తెప్పించి, తన ఎర్ర ఇంకు మాటలు తనే కొట్టేసి పక్కన సంతకం పెట్టారు. చెడ్డ మనిషి కాదు. నమ్మకం ఉన్న చెయ్యిని కొలిచి చూడకపోవడం ఆయన తప్పు, కొలవమని నేను అడగకపోవడం నా తప్పు. పిల్లలూ, మీ చెయ్యి తప్పదని ఎవరైనా అంటే ఆ వారమే ఎవరితోనైనా దాన్ని కొలిపించుకోండి.

రెండు తగ్గించమంది

కొసరు లేకుండా మూడో పలక చేశాం. శిఖరం సరిగ్గా లేజర్ రంగు దగ్గరికే వచ్చింది. కానీ గోడ మీద చుక్క వెలవెలబోతోంది. సగం వెలుతురు ఇంకా వెనక్కే పోతోంది. రివ్యూకి నాలుగు రోజులే ఉన్నాయి.

మర్నాడు వేణి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. "మేడమ్, ఇరవై ఒక్క పొరల వరస రాయండి. చివర రెండూ కొట్టేయండి. ఇప్పుడు వెనక నుంచి చదవండి."

రాశాను. గులగుగులగులగుగులగుగులగులగుగులగు. పంతొమ్మిది. వెనక నుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. అదే! ముందు నుంచి చదివినా, వెనక నుంచి చదివినా ఒక్కటే! నాకు ఒళ్లు ఝల్లుమంది.

"వెలుతురు ఎటు నుంచి వచ్చినా దానికి ఎదురయ్యే వరస ఒకటే అవుతుందండి. అప్పుడు ఆ రంగు దగ్గర వెనక్కి తిరిగే ముక్కలు ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకుంటాయి. ఏదీ వెనక్కి రాదు, మొత్తం అవతలికి పోతుంది. పొరల కింద గాజుంది కాబట్టి పైన కూడా గాజు అతికిద్దాం, రెండు వైపులా సమానంగా."

అర్థమైంది. అర్థమైనా ప్రాణం ఒప్పుకోలేదు. "కొసరు మానేశాను, సరే. ఇప్పుడు ఉన్నదాంట్లో కూడా రెండు తగ్గించమంటావా? మా నాన్నగారు పైనుంచి చూస్తుంటారే!"

"ఆయనకి నేను చెప్పుకుంటానండి. మీరు షట్టర్ చూడండి."

ఆ కోటింగ్ రన్ను నేను మరిచిపోలేను. పొద్దున్నే మొదలుపెట్టాం. వేణి ప్రతి పొర ముందూ గు అనో ల అనో పిలిచేది. గురువులు రెండు పక్కపక్కన వస్తే ఒకసారి మూసి మళ్లీ తెరిచేదాన్ని. "అయింది" అనగానే టక్కున మూయడం. చెప్పడానికి ఎంత తేలికో! ఆ ఒక్క ఊపిరి కోసం నా చెయ్యి మొదటి ఆరు పొరలూ పీకింది. ఏడో పొర నుంచి ఎడమచేత్తో మూశాను. దానికి కొలతల సంస్కారం ఏమీ లేదు, చెప్పినట్టు వింది. పన్నెండో పొర దగ్గర కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని గులగుగుల అనుకుంటూ ముందుకి పోయాం. పంతొమ్మిదో పొర మూసి, నేను చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాను.

పైన గాజు అతికించి ఆరబెట్టేసరికి రివ్యూ రోజు వచ్చేసింది. ముందుగా వెలుతురు పెట్టి చూసుకునే వీలు లేకపోయింది.

శుక్రవారం

రివ్యూ కమిటీ తరఫున బయట నుంచి ఒక పెద్దాయన వచ్చారు, తెల్లటి మీసాలు, మాట తక్కువ. వేణి లేజర్ వేసింది. ఎదుటి గోడ మీద ఆకుపచ్చ చుక్క. పలకని దారిలో పెట్టింది.

చుక్క అలాగే ఉంది.

పలక తీసింది, మళ్లీ పెట్టింది. తీసినప్పుడు ఎంత వెలుతురో పెట్టినప్పుడూ అంతే. కంటికి తేడా తెలియడం లేదు. పెద్దాయన ముందుకి వంగారు. "పలక దారిలోనే ఉందా అమ్మా?"

"ఉందండి. చూడండి" అని వేణి వేలితో పలకని కాస్త పక్కకి వంచింది. చుక్క మాయం! గోడ ఖాళీ! పలక వంగితే గుమ్మం జరుగుతుంది మరి. నిటారుగా నిలబెట్టింది, చుక్క వచ్చేసింది. వంచింది, పోయింది. నిలబెట్టింది, వచ్చింది.

"మళ్లీ వంచమ్మా!" అన్న కేక గదంతా వినపడింది. అరిచింది నేనే. జగన్నాథరావు గారు నా వైపు చూశారు. నేను ఎవర్నీ పట్టించుకునే స్థితిలో లేను. చప్పట్లు కొడుతున్నాను, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. పెద్దాయన లేచి వచ్చి "ఏదమ్మా, నన్నోసారి వంచనీ" అని తనే పలక వంచుతూ, నిలబెడుతూ చాలాసేపు ఆడుకున్నారు. ఆయన మీసాల కింద నవ్వు దాగలేదు.

తరవాత కూర్చుని లాగ్ పుస్తకం తిరగేశారు. ఒక పేజీ దగ్గర ఆగారు. "ఇది రాసింది ఎవరండీ?"

జగన్నాథరావు గారు బల్ల వైపు చూస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను. "నేనేనండి. ఆపరేటర్ని."

ఆయన ఆ పేజీ ఇంకోసారి చదివారు. "కూర్చోండమ్మా" అన్నారు చాలా మర్యాదగా. ఆ తరవాత జగన్నాథరావు గారి వైపు తిరిగి, "ఈ పని ఆపడానికి వీల్లేదండీ. ఈ అమ్మాయి ఇక్కడే ఉండి పూర్తి చేయాలి. అలాగే రాస్తున్నాను" అన్నారు. వేణి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"తరవాత ఎన్ని పొరలు?" ఆయన అడిగారు.

"వరస ముప్పై నాలుగండి. రెండు తీసేస్తే ముప్పై రెండు."

"ఎప్పుడు మొదలుపెడతావు?"

నా ఉద్యోగం ఆఖరి రోజు శనివారం. ఆ గదిలో అందరికీ తెలుసు. దండలు కూడా ఆర్డరిచ్చేశారు. నా చేతి వల్ల సీటు పోగొట్టుకోబోయిన ఆ పిల్ల డైరెక్టరు వైపు చూడలేదు, పెద్దాయన వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"మేడమ్, సోమవారం మీరు ఖాళీయేనా అండి?"

"ఖాళీయేనమ్మా" అన్నాను. "ఎన్నింటికి రమ్మంటావు?"